ఆట మీది తహతహను కొలవడం ఎలా?

విద్యార్థులారా! పుస్తకం తెరిచినా మనసు వీడియో గేమ్ మీదికే లాగుతోందా? ఆ లాగుడునే తహతహ అంటారు. జ్వరానికి థర్మామీటరు ఉంది; దీనికి లేదు. అనుభవించేవారే చెప్పాలి.

పరిశోధకులు వాడే సులువైన పద్ధతి ఒకటుంది. 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఎడమ కొసన 'ఆడాలని అసలు లేదు', కుడి కొసన 'ఆపుకోలేను' అని రాయండి. ఆ క్షణాన మీ కోరిక ఎంత ఉందో అక్కడ గుర్తు పెట్టి, ఎడమ కొస నుంచి స్కేలుతో కొలవండి. అదే మీ అంకె.

నోటిమాటను నమ్మవచ్చా? 2009లో తైవాన్ పరిశోధకులు 10 మంది వ్యసనపరులకు, 10 మంది ఇతరులకు ఆట చిత్రాలు చూపి మెదడును స్కాన్ చేశారు. వ్యసనపరుల్లో కొన్ని భాగాలు ఎక్కువగా స్పందించాయి. చెప్పిన కోరిక ఎక్కువైనకొద్దీ ఆ స్పందనా ఎక్కువగా కనిపించింది.

వారం రోజులు ఇలా చేయండి: బడి నుంచి రాగానే, చదువుకు కూర్చున్నప్పుడు, పడుకునే ముందు కొలిచి, అప్పుడేం జరిగిందో పక్కన రాయండి. కోరిక ఎప్పుడు, ఎందుకు పెరుగుతోందో మీకే తెలుస్తుంది. పెరిగినప్పుడు వెంటనే ఆడక, పావుగంట ఆగి మళ్లీ కొలవండి.

తల్లిదండ్రులకు మనవి: అంకె చూసి తిట్టకండి. తిడితే రేపటి నుంచి పిల్లలు సున్నాయే వేస్తారు. పెద్ద అంకె వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. 2022లో అమలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఆటపై అదుపు తప్పడం, అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం తెలిసినా మానకపోవడం, ఈ మూడూ సాధారణంగా 12 నెలలు కనిపించి, చదువూ ఇల్లూ బాగా దెబ్బతింటేనే అది రుగ్మత. అనుమానముంటే ఆ నోటుపుస్తకంతోనే మానసిక వైద్యుని కలవండి.