కెమెరా డ్రోన్ కొనే ముందు

ఉద్యోగం చేసుకుంటూనే డ్రోన్ ఎగరేయడం నేర్చుకోవాలనుకుంటున్నారా? అయితే కెమెరా డ్రోన్ ఇప్పుడే కొనకండి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్, వీలైతే జీపీఎస్ లేనిది, మొదట చాలు. జీపీఎస్ ఉన్నది స్టిక్ వదిలేసినా గాల్లో కదలకుండా నిలబడుతుంది. అదంతా మన పనితనమే అనుకుంటాం. ఉపగ్రహాలు అందని చోట గానీ అసలు సంగతి బయటపడదు.

లోపలి కథ పెద్దదేం కాదు. నాలుగు మోటార్లలో ఎదురు మూలల జత ఒకటి కుడివైపు తిరిగితే, రెండోది ఎడమవైపు తిరుగుతుంది. అందుకే డ్రోన్ బొంగరంలా గింగిరాలు కొట్టదు. వెనక మోటార్ల వేగం పెరిగితే ముక్కు వంగి ముందుకు సాగుతుంది. ఈ లెక్కలన్నీ గైరో అనే సెన్సర్ సాయంతో డ్రోన్‌లోని కంట్రోలరే చూసుకుంటుంది, దిక్కు మాత్రం మనం చూసుకోవాలి. డ్రోన్ ముక్కు మనవైపు తిరిగిందంటే దాని కుడి మనకు ఎడమవుతుంది. కొత్తవాళ్ల డ్రోన్లు చెట్టెక్కేది ఎక్కువగా ఇక్కడే. డ్యూటీ నుంచి వచ్చాక కాసేపు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ పెట్టుకుని సాధన చేయండి, ఎన్నిసార్లు కూలినా ఖర్చు లేదు. ఇంకో మాట: నిటారుగా, వేగంగా దించకండి. తన రెక్కలు తోసిన గాలిలోనే చిక్కుకుని పడిపోతుంది. కాస్త ముందుకు జరుపుతూ దించాలి.

ఇక బ్యాటరీ సంగతి. డ్రోన్‌లోని లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండితే ఒక్కో సెల్ 4.2 వోల్టులు. 3.5కి వస్తోందంటే దించేయాలి. వారమంతా తీరిక ఉండదనుకుంటే 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకండి, ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడినుంచి 2 కిలోల వరకు మైక్రో. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, సరదాకైతే మైక్రోకీ అక్కర్లేదు. మైక్రోతో డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేశారా, కావాల్సిందే. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. అమెరికా నుంచి వచ్చే తమ్ముడితో తెప్పించుకుందామనుకోకండి, తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు.

సర్టిఫికెట్‌కి పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. ఏ తరగతి డ్రోన్‌కి ఇస్తారో ఫీజు కట్టకముందే అడగండి. పొలంలో మందు కొట్టే 10 లీటర్ల ట్యాంకు డ్రోన్ మైక్రో కన్నా పైదైన స్మాల్ తరగతిది, మైక్రో సర్టిఫికెట్ దానికి పనికిరాదు. పైగా మందు కొట్టే పని సీజన్‌లోనే ఉంటుంది, అదీ చాలావరకు గాలి తక్కువగా ఉండే పొద్దుటి పూట. ఆ రోజుల్లో సెలవు దొరకని ఉద్యోగమైతే పెళ్లిళ్ల షూటింగే నయం. శిక్షణలో ఒక్కొక్కరి చేతికి రిమోట్ ఎంతసేపు ఇస్తారో ఆఫీసు గదిలో కాదు, పాత బ్యాచ్ వాళ్లను కలిసి అడగండి.