మంచులో కుక్కపిల్ల, తెర మీద లేడి



శింగనమల చెరువు నిండితేనే మనకు పండుగ. ఇక మంచు కురవడం మనం సినిమాల్లో తప్ప ఎక్కడ చూశాం? అలాంటి మేము పీజీ చదివే రోజుల్లో లైబ్రరీలో ఒక జపాన్ బొమ్మ దగ్గర ఆగిపోయాం. మంచులో ఆడుకుంటున్న కుక్కపిల్లలు! గీసినవారు మారుయామా ఓక్యో (1733–1795). ఆయన రైతు ఇంట్లో పుట్టి, క్యోటో నగరంలో ఆటబొమ్మల అంగడిలో పనిచేసి, కంటితో చూసినదాన్ని ఉన్నదున్నట్లు గీసి పేరు తెచ్చుకున్నారు.

చుట్టి దాచే బొమ్మ

జపాన్‌లో గోడకు వేలాడదీసే చుట్టబొమ్మను కకేజికు అంటారు. పట్టు మీదగానీ కాగితం మీదగానీ గీసి, వెనుక కాగితాలు అంటించి, చుట్టూ జరీ గుడ్డ అంచు వేస్తారు. కింద ఒక గుండ్రని కర్ర ఉంటుంది. కాలం మారితే బొమ్మ కూడా మారుతుంది. చలికాలపు బొమ్మను ఆ కాలంలో తగిలించి, తర్వాత చుట్టి పెట్టెలో భద్రపరుస్తారు.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటుంది. మంచుకు తెల్లరంగు పూయనక్కరలేదు. ఓక్యో గీసిన మంచు పైన్ చెట్ల తెరలు టోక్యోలోని మిట్సుయి మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో కొమ్మల మీది మంచు అంతా రంగు వేయకుండా వదిలిన కాగితమే. చుట్టూ సిరా వేయడం వల్ల ఖాళీ జాగా మంచులా కనబడుతుంది.

మన నిమ్మలకుంట

ఇది చదివినప్పుడు మాకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గుర్తొచ్చింది. అక్కడి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడతారు. తోలు పలచబడి వెలుతురు దాటే స్థితికి వస్తుంది. దాని మీద గీతలు గీసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి.

రామాయణం ఆటలో మాయలేడి వస్తుంది కదా. తెర వెనుక దీపం వెలిగిస్తే ఆ రంధ్రాల గుండా వెలుతురు వచ్చి లేడి ఒంటి మీద చుక్కలై మెరుస్తుంది. ఆ మెరుపు కూడా రంగు కాదు, తీసేసిన తోలు! అక్కడ వదిలేసిన కాగితం మంచయింది, ఇక్కడ తీసేసిన తోలు వెలుగయింది.

ఆటలు ఆడించేవాళ్లు తగ్గాక, ఈ కళాకారులు దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

మేము దాచిన మాట

ఒక సంగతి చెప్పాలి. హాస్టల్ ఫారంలో తండ్రి వృత్తి అని ఉన్నచోట మేము 'కూలీ' అని రాసేవాళ్లం. 'తోలుపని' అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. మా తాతలు చెప్పులు కుట్టారు, కపిల బావులకు తోలు తొండాలు కుట్టారు. ఆ తొండాల నీళ్లతోనే ఈ కరువు సీమలో పైర్లు పండాయి. అయినా ఆ మాటంటే ఎవరు నవ్వుతారోనని భయం. జపాన్ పట్టుబొమ్మను చూసి ఆశ్చర్యపోయిన మేము, మా ఇంటి తోలు వాసనకు తల దించుకున్నాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. తోలును పదును పెట్టడం ఎంత విద్యో ఆ డిగ్రీ తర్వాతే తెలిసింది. ఫారంలో ఖాళీ వదలడం వేరు, ఓక్యో వదిలిన ఖాళీ వేరు. ఆయన చూపించడానికి వదిలారు, మేము దాచడానికి వదిలాం.

మీరు చేయండి

1. తెల్లకాగితం మీద తెల్లమేకను గీయండి. తెల్లరంగు వాడకండి. చుట్టూ నేల, నీడ మాత్రమే వేయండి.

2. వచ్చే ఫారంలో మీ నాన్న పని, మీ అమ్మ పని ఉన్నదున్నట్లు రాయండి.

రెండోది కష్టం. అయినా రాయండి.