వ్యాపార పాఠం: ఫోనులో ప్రచారం, పద్దులో ఖాతాదారు

సామాజిక మాధ్యమాలలో ప్రచారం లేనిదే వ్యాపారం సాగదన్న మాట బజారులో గట్టిగా వినవస్తున్నది. గుంటూరు మిర్చి యార్డులోని కమీషను వర్తకుడు మొదలు ఊరగాయల అంగడి వరకు వాట్సాప్ గ్రూపు లేనివారు అరుదు. ఆ ప్రచారం వల్ల లాభం లేదని ఎవరూ అనజాలరు. అయితే దానిని ఎంతవరకు ఆధారం చేసుకోవచ్చునన్నది వర్తకులు లెక్క వేసి చూసుకోవలసి ఉన్నది.

వెనుకటి రోజుల్లో తపాలా కార్డు మీద ధారణలు వ్రాసి పార్టీలకు పంపే ఆచారం ఉండేది. తొందర పని అయితే టెలిగ్రాం, లేదా ట్రంక్ కాల్. (దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో నిలిచిపోయింది.) తపాలా శాఖ కూడా వర్తకుని సొంతం కాదు. అయినా రెండు విషయాలలో అతనికి నిశ్చింత. నూరు కార్డులు వేస్తే వాటిలో ఏ పదింటిని అందించాలో తపాలా శాఖ నిర్ణయించేది కాదు. పార్టీల చిరునామాల పుస్తకం గల్లాపెట్టె పక్కనే ఉండేది. ఇప్పటి మాధ్యమాలలో ఈ రెండూ తారుమారైనవి.

ఫేస్‌బుక్ పేజీకి 10 వేల మంది అనుచరులు ఉన్నారంటే, పెట్టిన ప్రతి ప్రకటననూ 10 వేల మంది చూస్తారని కాదు. ఎవరికి చూపాలో కంపెనీ వారి కంప్యూటరు లెక్క నిర్ణయిస్తుంది. వ్యాపార పేజీల కంటె మిత్రుల, బంధువుల కబుర్లకే ముందు చోటిస్తామని 2018 జనవరిలో ఆ కంపెనీ ప్రకటించింది. ఏళ్ల తరబడి పేజీ పెంచుకున్న వర్తకుడు తన అనుచరులకు తన మాట చేరవేయడానికే సొమ్ము చెల్లించుకోవలసిన పరిస్థితి ఇది. వాట్సాప్‌లోనూ హద్దులున్నవి. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో 2018లోనే కట్టడి చేశారు. బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మందికే చోటు. వారిలోనూ మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. ఈ సంగతి తెలియక, పంపిన ధారణలు అందరికీ అందినవని భరోసాగా కూర్చున్నవారు లేకపోలేదు.

పూర్తిగా మూతపడిన సందర్భాలూ ఉన్నవి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కాదు. చీరలు, గాజులు, పిండివంటలు ఆ తెర మీదనే చూపి అమ్ముకున్నవారికి కొనుగోలుదారుల ఊరూ పేరూ మిగలలేదన్నదే ఇక్కడ విషయం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ వారి సొంత సాంకేతిక పొరపాటు వల్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. మనకు అది రాత్రి 9 గంటలు దాటిన వేళ కనుక యార్డు పనికి అడ్డు రాలేదు. అదే పగలు జరిగి ఉంటే?

టోకు బేరంలో మరొక చిక్కు ఉన్నది. మిర్చి ఫొటో ఎంతవరకు చెబుతుంది? కాయ పొడవు, ముడత, తొడిమ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. తేజ రకమో, బ్యాడిగి రకమో పోల్చుకోవచ్చు. కాని తేమ తెలియదు. అది పిడికిట పట్టి నొక్కిన చేతికే తెలుస్తుంది. ఘాటు తెలియదు. టిక్కీ అడుగున తాలు ఎంత ఉన్నదో అసలే తెలియదు. ఇక రంగు విషయంలో ఫొటో మరీ ప్రమాదకరం. పొద్దుటి ఎండలో తీసిన కాయ ఒక తీరుగా, అదే కాయ షెడ్డులో ట్యూబులైటు కింద తీస్తే మరో తీరుగా కనిపిస్తుంది. కొన్ని ఫోన్లు ఎరుపును వాటంతట అవే పెంచి చూపుతాయి కూడా. రంగు మీదనే ధర తెగే సరుకులో ఇది చిన్న విషయం కాదు. ఫొటో చూసి ఖాయం చేసిన లారీ దిగుమతి దగ్గర తగాదా పడితే, రానుపోను కిరాయి ఎవరు భరించాలన్నది తేలేలోగా ధారణ తగ్గనూవచ్చు. నష్టం వర్తకునికి, మాట పోయేది దళారీకి.

కాబట్టి ఫొటో పార్టీని పిలవడానికే. బేరం మచ్చు మీదనే. అరకిలో మచ్చు కొరియరులో పంపి, అదే లాటు నుంచి తీసిన మరో మచ్చును సీలు వేసి తన దగ్గర ఉంచుకునే పాత పద్ధతిని విడిచిపెట్టడానికి ఇంతవరకు ఒక్క కారణమూ కనిపించడం లేదు. కొత్త పార్టీ ఫోను ద్వారా తగిలితే జీఎస్టీ నంబరు అడిగి ప్రభుత్వ పోర్టల్‌లో సరిచూసుకోవడం నిమిషం పని. సొమ్ము పంపుతున్నాము, యూపీఐ పిన్ను నొక్కండి అన్నవాడు మోసగాడే; సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ను అక్కరలేదు.

ధారణలు గ్రూపులో పెట్టడం కూడా ఆలోచించి చేయవలసిన పనే. ఐదు వందల మంది గ్రూపులో ముందుగా చదివేది కొనే పార్టీ కాదు, పక్క కొట్టు వర్తకుడు. నగదు పార్టీకి ఒక ధర, నెల వాయిదా పార్టీకి మరో ధర ఉన్నప్పుడు అందరికీ ఒకే అంకె చూపితే వాయిదా పార్టీ ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. సరుకు వచ్చిందన్న కబురు గ్రూపులో, ధర మాత్రం పార్టీకి విడిగా చెప్పడం మేలు.

చిల్లర వ్యాపారానికి లెక్క వేరు. వేసవిలో ఆవకాయ అమ్మే అంగడిని ఊహించుకుందాం. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనకు 6,000 రూపాయలు ఖర్చు. 200 మంది విచారించగా 20 మంది తలా కిలో కొన్నారు. అంటే ఒక్కొక్క ఖాతాదారును తెచ్చుకోవడానికి 300 రూపాయలు పడింది. కిలో మీద మిగులు 120 అనుకుంటే మొదటి అమ్మకంలో 180 నష్టం. అదే మనిషి మరి రెండుసార్లు కొంటే మొత్తం మిగులు 360. ఖర్చు పోను 60 లాభం. కాని ఆ రెండుసార్లూ అతను ప్రకటన లేకుండా రావాలి. అతని పేరు, నంబరు, కారం ఎక్కువ కావాలన్నాడా, వెల్లుల్లి వద్దన్నాడా అన్నది పద్దులో ఉంటే మరుసటి జాడీ కలిపిననాడు ఒక ఫోను చాలు. లేకపోతే మళ్లీ 300. ఈ లెక్క వేయకుండా, ఎందరు మెచ్చుకున్నారో చూసి మురిసిపోయే అంగళ్లు చాలా ఉన్నవి. మెచ్చుకోలు గల్లాలో పడదు కదా.

అందుచేత తొలి అమ్మకం నాడే కొన్నవారి పేరు, నంబరు వారి అనుమతితో వ్రాసుకోవాలి. ఎక్కడ చూసి వచ్చారని కూడా అడగాలి. సీజను చివర ఆ వరుస కూడి చూస్తే ఏ ప్రకటన ఫలించిందో, ఎవరు పాత ఖాతాదారు చెప్పగా వచ్చారో తేలుతుంది. వచ్చే ఏటి ప్రకటన ఖర్చు దానిని బట్టి కట్టుకోవచ్చు.

మరొక విషయం. చాలా కొట్లలో పేజీ తెరిచిందీ, గ్రూపు నడిపేదీ కుర్ర గుమాస్తాయే. సిమ్ము అతని పేరున, పాస్‌వర్డు అతని తలలో. అతను మానివేసి ఎదురు కొట్టులో చేరితే గ్రూపు కూడా అతనితో నడుస్తుంది. దావా వేసినా అది ఎప్పటికి తిరిగి వచ్చేను? కొట్టు పేరున వేరే సిమ్ము తీసుకుని, వాట్సాప్‌కు రెండంచెల పిన్ను పెట్టి, దానిని కాగితం మీద వ్రాసి ఇనప్పెట్టెలో ఉంచుకోవాలి. గ్రూపులోని నంబర్లను పేర్లతో, ఊళ్లతో నెలకొకసారి పుస్తకంలోకి ఎక్కించే పని గుమాస్తాకు అప్పగించవచ్చు. ఆ పుస్తకం మాత్రం ఏ పూటకాపూట గల్లాతో పాటు యజమాని చేతికి రావాలి.