పదిహేనో కాలమ్

నరసరావుపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నీ కార్డు అందింది. రాసింది నాలుగు ముక్కలే. సంక్రాంతి వెళ్లాక విడుదలని, నేరుగా ఊరికే వస్తానని, నాన్న సంగతి తేలుస్తానని. ఆ "తేలుస్తా" అన్న దగ్గర కలం ఎంత గట్టిగా నొక్కావో, కార్డు తిప్పితే వెనక వైపు వేలికి తగిలింది. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. జైలుకు వచ్చే ఉత్తరాలు చదివాకే లోపలికి పంపుతారని తెలుసు. చదవనీ. ఇందులో దాచేదేమీ లేదు.

ముందు నా సంగతి చెప్పాలి. అది చెప్పకుండా నీకు మంచీచెడ్డా చెప్పే అర్హత నాకు లేదు.

మీ నాన్న శవపంచనామా మీద ఐదుగురు పంచాయతీదార్లు సంతకాలు పెట్టారు. అందులో మూడోది నాది. ముప్పై ఒక్క ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. అందులో పదహారేళ్లు స్టేషన్ రైటరుగా కూర్చుని ఇలాంటి కాగితాలు కొన్ని వందలు నా చేత్తో రాశాను. అలాంటివాణ్ణి ఆ రోజు చదవకుండా సంతకం పెట్టాను.

అది వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు. పొద్దున ఏడింటికి ఫోనొచ్చింది, బావ చేలో మోటారు కొట్టం దగ్గర పోయి ఉన్నాడని. నేను చేరేసరికి పదయింది. అప్పటికే ఊరు సగం అక్కడుంది. కొట్టం చుట్టూ తొక్కని నేల జానెడు లేదు. నులక మంచం మీద వెల్లకిలా ఉన్నాడు బావ. మంచం పక్కన మోనో సీసా. పత్తికి కొట్టే మందేగా, మన వైపు ఏ చూరు కింద వెతికినా ఒకటి దొరుకుతుంది. "మందు తాగాడు" అన్నారు. ఆ మాట ముందు ఎవరన్నారో నాకు తెలీదు. నేను వెళ్లేసరికి అందరూ అదే అంటున్నారు. భార్య పోయి పన్నెండేళ్లు, కొడుకు జైల్లో, మిరపలో నష్టం, మీద అప్పు. ఎందుకు తాగాడని ఎవరూ అడగాల్సిన పనే లేకపోయింది.

నా కళ్లతో చూసినవి మూడు ఉన్నాయి. సీసా మూత బిగించి ఉంది. మంచం చుట్టుపక్కల ఎక్కడా వాంతి జాడ లేదు. ఆయన వేసుకున్న చొక్కా ఉతికి మడతపెట్టిన చొక్కా, మడత గీతలు ఇంకా పోలేదు. పురుగుల మందు తాగినవాళ్లను నేను చాలామందిని ఆసుపత్రికి మోశాను. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది. నోట్లో నురగ, చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు. బట్టలు పాడైపోతాయి. పత్తి ఊళ్లలో పనిచేసిన ఏ కానిస్టేబులుకైనా ఇది తెలుసు. మోనో తాగిన మనిషి శుభ్రమైన చొక్కాలో, నిద్రపోయినట్టు పడి ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

ఇవి అనుమానాలు నాయనా, రుజువులు కావు. తెల్లవారుజామున ఎవరో చూసి, కడిగి, చొక్కా మార్చి ఉండొచ్చు. పరువు కోసం అలా చేసేవాళ్లున్నారు, ప్రేమ కొద్దీ చేసేవాళ్లూ ఉన్నారు. అడిగితే ఆ రోజే తెలిసేది. నేను అడగలేదు.

ఎందుకు అడగలేదో కూడా రాస్తాను. చీకటి పడేలోపు శవం ఇంటికి రావాలని అందరూ తొందరపడ్డారు. "నువ్వు డిపార్టుమెంటోడివి, త్వరగా కానిచ్చేయించు" అన్నారు. అది పైకి చెప్పుకునే కారణం. అసలుది వేరే. నాకు నీ మీద కోపం. గంజాయి లోడుతో నువ్వు దొరికిన రోజు నుంచీ లోపల రగులుతూనే ఉంది. బావ నీవల్లే పోయాడని ఆ మంచం పక్కన నిలబడి అనుకున్నాను. ఆ కోపానికి ఆ సీసా సరిగ్గా సరిపోయింది. పంచనామాలో పదిహేనో కాలమ్ ఉంటుంది, చావుకు కారణం ఏమని పంచాయతీదార్ల అభిప్రాయం అని. "జీవితం మీద విరక్తి చెంది" అని అందులో రాశారు. నేను సర్వీసులో ఉండగా ఎన్నిసార్లు రాశానో లెక్కలేని మాట అది. మా బావ గురించి రాసినప్పుడు నేను చదవనే లేదు.

ఇప్పుడు కాగితం సంగతి విను. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా కాలంలో 174 అనేవాళ్లం, ఇప్పుడది 194. అనుమానాస్పద మరణమైతే పోలీసులు ఆ పరిసరాల్లోని ఇద్దరికి తక్కువ కాకుండా పెద్దమనుషుల ఎదుట విచారించి, ఆ రిపోర్టు ఇరవై నాలుగు గంటల్లో కలెక్టరుకో ఆర్డీవోకో పంపాలి. అంతే దాని పని. మన ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది, పంచనామా ఉద్దేశం మరణానికి పైకి కనిపించే కారణం తేల్చడం వరకేనని. ఆ కాలమ్‌లో ఏం రాసినా కేసు అక్కడ చచ్చిపోయినట్టు కాదు. 194 కింద కట్టిన కేసులో హత్య అని తేలితే ఆల్టరేషన్ మెమో వేసి సెక్షన్ మారుస్తారు. మా స్టేషన్‌లోనే అలా మారినవి రెండు నేను చూశాను.

దహనం అయిపోయింది, ఇంకేం మిగిలిందని నువ్వు అనుకుంటున్నావేమో. మిగిలింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు కడుపు, అందులో ఉన్నది, పేగు ముక్క, కాలేయం ముక్క, ఒక మూత్రపిండం తీసి ఉప్పు ద్రావణంలో పెట్టి సీలు వేశారు. విసెరా అంటారు దాన్ని. ఫోరెన్సిక్ ల్యాబ్, అంటే ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు వచ్చేదాకా అభిప్రాయం రిజర్వు చేస్తున్నానని రాశారు. ఆ రిపోర్టు నేను అడిగిన మూడుసార్లూ రాలేదన్నారు. మూడుసార్లు అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే. కడుపులో మందు ఉందా లేదా, ఉంటే ఏ మందు, దానితో పాటు నిద్రమాత్రలాంటిది ఏమైనా ఉందా అనేది ఆ సీసాల్లో ఉంది. ఊరి నోట్లో లేదు.

ఇంకొకటి నేనే తిరిగి సంపాదించాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయిస్తే, బావ పోవడానికి నెల ముందు కాలవ కింది ఎకరన్నర చేతులు మారినట్టు వచ్చింది. దస్తావేజు నకలు తీసుకున్నాను. దాని మీద వేలిముద్ర ఉంది, సంతకం లేదు. సొసైటీలో ఎరువు కట్టకు కూడా గొలుసుకట్టుగా సంతకం చేసే మనిషి మీ నాన్న. నీ అనుమానం ఎవరి మీదో నాకు తెలుసు. ఆ పేరు కార్డు మీద రాయకపోవడం మంచిదయింది. నేనూ రాయను. ఆ ఇంట్లో నేను పెళ్లికి పెద్దగా నిలబడ్డాను, వాళ్ల పిల్లలు నా ఒళ్లో పెరిగారు. వాళ్లు నిర్దోషులు కావాలనే ఈ క్షణానికీ కోరుకుంటున్నాను.

అందుకే నువ్వు ఊరికి నేరుగా రావద్దు. జైలు నుంచి వచ్చినవాడు ఆ వాకిట్లో నిలబడి గొంతు పెంచితే చాలు, ఫోను చేస్తారు. ముందు బైండోవరు, ఆ తర్వాత నీ పేరు మీద షీటు. ఇక నువ్వేం చెప్పినా పాత ముద్దాయి మాటే అవుతుంది. మీ నాన్న చావు గురించి మాట్లాడాల్సిన ఊరు నీ గురించి మాట్లాడుకుంటుంది. కారెంపూడి తిరునాళ్లకు నేను పదకొండేళ్లు బందోబస్తుకు వెళ్లాను. నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల గుడి దగ్గర వాళ్ల ఆయుధాలైన కొణతాలకు మొక్కే జనాన్ని చూస్తూ ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి, ఎనిమిది వందల ఏళ్ల కిందటి దాయాదుల పోరుకు ఇంకా పసుపు కుంకుమలు పెడుతున్నామే అని. పల్నాట్లో పుట్టినవాడికి పగ కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. నీ చెయ్యి కత్తి మీదికి పోతే నీకు దక్కేది ఇంకో జైలు. బావకు దక్కేది ఏమీ లేదు.

నీకొక బలం ఉంది, అది నువ్వు గమనించి ఉండవు. ఈ కుటుంబంలో ఆ రాత్రి ఎక్కడున్నాడో ఎవరూ అడగక్కర్లేని మనిషివి నువ్వొక్కడివే. విశాఖ సెంట్రల్ జైలు రిజిస్టరు నీ తరఫున సాక్ష్యం చెబుతుంది. శిక్ష పడినవాడు ఫిర్యాదు ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. తండ్రి ఆస్తిలో నీ వాటా కూడా ఆ శిక్షతో పోలేదు. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ చంపినవాడికే చచ్చినవాడి ఆస్తి రాదంటుంది.

ఫిర్యాదు స్టేషన్‌లో రాసి ఇద్దాం. హత్యలాంటి కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితాకుమారి కేసులో చెప్పింది. తీసుకోకపోతే కొత్త చట్టం 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపుదాం. అప్పటికీ కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గరికి, అఫిడవిట్‌తో. ఈ మెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాల్సిందే, దాటేస్తే తిప్పి పంపుతారు. హత్యకు కాలదోషం లేదు, పదేళ్ల తర్వాతైనా కేసు కట్టొచ్చు. కానీ ఫోన్ కంపెనీలు కాల్ రికార్డులు రెండేళ్లు ఉంచాలన్నదే నిబంధన. ఆపైన ఉంటాయన్న నమ్మకం లేదు. బావ ఫోనుకు ఆ రాత్రి ఎవరు చేశారో నువ్వూ నేనూ తీయించలేం, పోలీసులే తీయించాలి. కాబట్టి ఆ మాట ఫిర్యాదు మొదటి పేజీలోనే ఉండాలి.

ఇక రాయడానికి చెయ్యి ఆడనిది ఒకటుంది. ఇదంతా చేశాక, ఎఫ్‌ఎస్‌ఎల్ కాగితం వచ్చాక, బావ తన చేత్తోనే తాగాడని తేలొచ్చు. వేలిముద్రకూ చావుకూ సంబంధం లేదని తేలొచ్చు. అప్పుడు నువ్వు వెతుకుతున్న మనిషి ఎవరూ ఉండరు. నువ్వూ నేనూ మిగులుతాం. నువ్వు ఒక్కసారి రాలేదని ఆయన, ఆయన ఒక్కసారి ములాఖత్‌కు రాలేదని నువ్వు, ఇద్దరి మధ్యా ఒక్క మాటైనా మోయని నేను. దానికి సిద్ధపడే రా.

ఆయన నిన్ను క్షమించాడా అని పోయినసారి అడిగావు. నాతో ఎప్పుడూ అనలేదు. అనని మాట అన్నాడని నీకు చెప్పను. నీ పేరెత్తితే లేచి గేదెల దగ్గరకు పోయేవాడు. బియ్యం కార్డులో మాత్రం నీ పేరు తీయించలేదు. ఇంట్లో లేని మనిషి పేరెందుకని సచివాలయం పిల్ల రెండుసార్లు అడిగితే, "ఉండనీ" అన్నాడట. ఆయన పోయాక కార్డు మార్చడానికి వెళ్లినప్పుడు ఆ పిల్లే నాకు చెప్పింది. నాకు తెలిసింది అంతవరకే.

విడుదల రోజు ఇచ్చే కాగితాలు ఒక్కటి కూడా పారేయకు. విశాఖలో గుంటూరు వచ్చే రైలెక్కు. గుంటూరులో దిగి నరసరావుపేట బస్సెక్కి మా ఇంటికి రా, ఎంత రాత్రయినా సరే. మీ అత్త నీకోసం మేడ మీద గది ఊడ్పించింది. మర్నాడు లాయరు దగ్గర ఫిర్యాదు రాయిస్తాం. దానికి రెండు వాంగ్మూలాలు జతచేస్తాం. ఒకటి కొడుకుగా నీది. రెండోది పంచాయతీదారుగా నా వాంగ్మూలం, మూత బిగించి ఉండడం, వాంతి లేకపోవడం, మడత గీతల చొక్కా, చదవకుండా నేను పెట్టిన సంతకం. అది మొన్న ఆదివారమే రాసి పెట్టాను. తారీఖు వెయ్యలేదు, నువ్వొచ్చాక వేస్తాను.

మీ
మామయ్య