బండి పోతే ఏమి చేయాలి?

నంద్యాల, ఆళ్లగడ్డ బస్టాండ్ల కాడ, అహోబిలం తిరుణాలలో మనవాళ్లు బండ్లు నిలబెడతారు. తాళంచెవి బండికే వదిలి పోరాదు. హ్యాండిల్ లాకు వేయాలి. ఇంజను నంబరు, చాసిస్ నంబరు నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి. దొంగ నంబరు ప్లేటు మార్చినా వాటితో బండిని గుర్తుపట్టవచ్చు.

బండి పోతే వెంటనే 112కి ఫోన్ చేయాలి. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు రాసుకోవాలని 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టంలో ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోవాలి.

ఇంకొక మాట. మేము ఎరుకలోళ్లము. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతుల చట్టం మమ్మల్ని పుట్టుకతోనే దొంగలని రాసింది. 1952లో ఆ చట్టం రద్దయింది. అయినా ఊర్లో బండి పోతే ఇప్పటికీ ముందు మా గుడిసెల్లోనే వెతుకుతారు. అంతలో అసలు దొంగ నంద్యాల దాటిపోతాడు. అందుకే నంబరు చూడండి, కులం చూడొద్దు.