పక్షవాతం – చేతికి పని

మెదడులోని రక్తనాళం మూసుకొనిపోయినను, చిట్లినను పక్షవాతం సంభవిస్తుంది. మెదడు ఎడమభాగం దెబ్బతిన్నచో కుడిచేయి, కుడిభాగం దెబ్బతిన్నచో ఎడమచేయి బలహీనపడుతుంది.

అట్టి చేతికి రెండు నష్టాలు పొంచి ఉంటాయి. మొదటిది వ్యాధి వలన, రెండవది వాడకపోవటం వలన. తొలిదినాలలో ప్రయత్నాలు విఫలమై, రోగి సమస్తకార్యాలకు మంచిచేతినే ఆశ్రయిస్తాడు. "మీకెందుకీ శ్రమ?" అంటూ ఇంటివారు గ్లాసును సైతం నోటికందిస్తారు. పిదప కొంత శక్తి తిరిగి వచ్చినను ఆ చేయి ఒడిలోనే ఉండిపోతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టౌబ్ దీనిని నేర్చుకొన్న నిరుపయోగంగా వివరించారు. మంచిచేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితో రెండు వారాలు సాధన చేయించే చికిత్సను 222 మందితో పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. సాధన చేసినవారి చేతి వాడకం మెరుగుపడింది. అయితే మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలేవారికే ఇది తగినది. వైద్యుని సలహా తప్పనిసరి.

ఇంట చేయదగిన పనులు అనేకం: వ్రాసేటప్పుడు కాగితాన్ని అదిమి పట్టటం, బల్ల తుడవటం, మంచిచేతితో మూత తీయునప్పుడు డబ్బాను పట్టుకోవటం. చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చేతిని ముందుగా దూర్చాలి. విప్పేటప్పుడు చివరగా తీయాలి. ఆ చేతిని పట్టి లాగరాదు, భుజానికి హాని. స్పర్శ తగ్గిన చేతితో వేడినీటిని పరీక్షింపరాదు.

విద్యార్థులారా! మీ తాతగారో, దాదీయో గ్లాసు అందుకోవటానికి జాగు చేస్తే తొందరపడి అందివ్వకండి. పక్కనే ఉండి, ఓపికతో వేచి ఉండండి. అదియే నిజమైన సేవ.