జామతోటలకు నీటి వేళలను వాతావరణము ననుసరించి మార్చుకొనుట

బార్కస్ అనగానే హైదరాబాదు నగరవాసులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది జామపండు. నిజాము కొలువులోని అరబ్బు సైనికుల బారకులుండుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. నాటి తోటల నేల చాలవరకు ఇండ్ల పాలైనది. ఇప్పటికిని ఆ దిక్కు చెలకలలో జామ పెంచు రైతుల యుపయోగార్థ మీ సంగతులు వ్రాయబడుచున్నవి.

మోట తోలిన కాలమున నీరు వృథాగా పెట్టిన రైతు లేడు. మబ్బు పట్టిన దినమున ఎడ్లను కట్టువాడు కాడు. మోటరునకు బిగించిన టైమరునకు మబ్బు కానరాదు. ఆటోస్టార్టరు మరియు చెడ్డది. కరెంటు వచ్చినంతనే నీరు తోడును. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీన సేద్యమునకు 24 గంటల కరెంటు ఆరంభమైనప్పుడు, భూగర్భజలము తరిగిపోవునని ఆటోస్టార్టరులను తీసివేయుడని రైతులను కోరుట యందుచేతనే.

నష్టము నీటితో పోదు. వానకాలమున వేళ్లచుట్టు నీరు నిలిచిన జామకు ఎండుతెగులు సులభముగా సోకును. ఆకులు పసుపుబారి, కొమ్మలు కొననుండి ఎండి, కాపునకు వచ్చిన చెట్టు చచ్చును. సోకిన పిదప మందు లేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరమున కుండపోతగా వాన కురిసెను; 17వ తేదీ రాత్రి బాలాపూరు గుర్రంచెరువు తెగి దిగువ బస్తీలు మునిగెను. అట్టి వారమునను టైమరు తన వేళకు నీరు విడువజూచును.

లెక్క కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరనగా 1 లీటరు. 4 మీటర్ల వెడల్పు కొమ్మలు గల చెట్టు సుమారు 12½ చదరపు మీటర్లు కప్పును. ఎండకాలమున తెరచిన తొట్టినుండి దినమునకు 8 మిల్లీమీటర్లు ఆవిరి యైనచో అది 100 లీటర్లు. చెట్టునకు అందు సగము, 50 లీటర్లు చాలును. మార్గశిర పుష్యములలో ఆవిరి 4 మిల్లీమీటర్లకు దిగును గనుక 25 లీటర్లు చాలును. గంటకు 4 లీటర్లు విడుచు డ్రిప్పరులు చెట్టునకు నాలుగున్నచో, వేసవిలో 3 గంటలు, చలికాలమున గంటన్నర. వేసవిలో పెట్టిన టైమరును సంక్రాంతివరకు ముట్టనివాడు రెట్టింపు నీరు పోయుచున్నాడు.

వానను కొలుచుటకు అడుగును మూతియు సమానముగానుండు డబ్బా చాలును. చెట్లకు దూరముగా బయలున పెట్టి, ప్రతిదినము ఉదయము స్కేలుతో లోతు చూడవలెను. 5 మిల్లీమీటర్లకు లోబడిన జల్లు ఆకులను తడుపును గాని వేళ్లకు చేరదు; దానిని లెక్కింపరాదు. 25 మిల్లీమీటర్లు కురిసినచో, సగము పారిపోయినను చెట్టునకు 150 లీటర్లు దక్కును. దినమునకు 30 లీటర్లు వాడు వానకాలపు చెట్టు కది 5 దినముల నీరు. అన్నాళ్లు టైమరు ఆపవలెను. రాజేంద్రనగరమునుండి మంగళ, శుక్రవారములందు వెలువడు వ్యవసాయ వాతావరణ సూచనను చూచుకొనుట మంచిది. గట్టి వాన సూచించినచో ఒకటి రెండు దినములు వేచియుండవచ్చును. పెరిగిన జామ అంతమాత్రపు ఎండుటను ఓర్చుకొనును, మడుగును ఓర్వదు.

చలికాలపు కాపు కోరువారు ఫిబ్రవరినుండి మే నడిమివరకు నీరు బిగించి చెట్టునకు విశ్రాంతి నిత్తురు. అప్పుడు టైమరును తగ్గించుట చాలదు, పూర్తిగా ఆపవలెను. లేతమొక్కలకు మాత్ర మీ పద్ధతి కూడదు; వాని గొట్టమునకు వేరు వాల్వు ఉండవలెను. ఒకే వాల్వుతో రెంటిని నడుపువారు ఏదో యొకదానిని చెరుపుదురు.

లెక్కపై సందేహము కలిగినప్పుడు చెట్టు మొదటికి కొంచె మెడముగా జానెడు లోతు త్రవ్వి మన్ను పిడికిట పట్టి చూడుడు. ముద్దకట్టి నిలిచినచో ఆ దినము నీరక్కరలేదు; పొడియై రాలినచో పెట్టవలెను. చెలక నీటిని ఎక్కువకాలము పట్టి యుంచదు గావున కొంచెము కొంచెముగా తరచుగాను, రేగడిలో ఎడమిచ్చి ఎక్కువగాను పెట్టుడు. మృగశిరకు ముందే సాళ్లనడుమ కాలువలు తీసి, కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల టైమరు గడియారము సరిగా నున్నదో లేదో చూచుకొనుడు.